నలుగురు గిటారిస్టులు, ఒక వాల్వు ఆంప్లిఫయర్

సంఘములో పాడే గొంతుల గురించి, హార్మోనియం గురించి, తబలా గురించి ఎవరో ఒకరు వ్రాస్తూనే ఉంటారు. గిటారు వెనుక మూలన ఉండే నల్లని పెట్టె గురించి వ్రాసినవారు తక్కువ. కాని ఎలక్ట్రిక్ గిటారు పట్టిన ప్రతి యౌవనస్థునికీ ఆ పెట్టెతో ఒక అనుబంధమూ ఉంటుంది, ఒక పేచీ కూడా ఉంటుంది. ఎలక్ట్రిక్ గిటారు తీగ మీటితే దానంతట అది చేసే శబ్దం దోమ పాటంత. ఆ దోమ పాటను మనుష్యులు వినగల పాటగా చేసేది ఆ పెట్టే. గనుక ఈ గిటారు వాయించేవారు నిజానికి రెండు వాయిద్యాలు వాయిస్తున్నారు: ఒకటి చేతిలో ఉంది, రెండవది వెనుక ఉంది.

మేము హైదరాబాదు బోరబండలో ఒక సంఘములో గిటారు వాయించే నలుగురము. మా బోరబండ ఎర్రగడ్డకూ మాదాపూర్‌కూ నడుమ ఎత్తుపల్లాల మీద కట్టుకున్న బస్తీ. ఎం.ఎం.టి.ఎస్. రైలులో మా స్టేషన్ దాటితే లింగంపల్లి వైపు తరువాతి స్టేషన్ హైటెక్ సిటీయే. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన తరువాత మా వీధుల బ్రతుకు ఆ మేడలతో ముడిపడిపోయింది. కొందరు ఆ అద్దాల మేడల్లో కంప్యూటర్ల ముందు కూర్చుంటారు. మరెందరో వాటి గేట్ల దగ్గర, క్యాంటీన్లలో, ఉద్యోగులను మోసే క్యాబుల స్టీరింగు వెనుక ఉంటారు. ఈ మాట ఎందుకు చెబుతున్నామో ముందుకు వెళ్ళేకొద్దీ పాఠకులకు తెలుస్తుంది.

మాలో పెద్దవాడైన అన్న సనత్‌నగర్‌లో ఒక కర్మాగారంలో ఫిట్టరు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనలకు హార్మోనియంతో సమంగా గిటారు కలపడం మాకు నేర్పినవాడు ఆయనే. రెండవ సహోదరుడు ఇళయరాజా సినిమా పాటల్లోని గిటారు వింటూ పెరిగినవాడు, లీడు వాయిస్తాడు. మూడవవాడు కొండాపూర్‌లో సాఫ్ట్‌వేరు ఉద్యోగి, తరచుగా రాత్రి షిఫ్టులు. నాలుగవది మా చెల్లి, బడిలో టీచరు. పిక్కు లేకుండా వ్రేళ్ళతోనే వాయిస్తుంది. నలుగురి అభిరుచులు నాలుగు దిక్కులు.

పెట్టె వచ్చిన విధము

మొదట్లో మాకు వేరే ఆంప్లిఫయర్ లేదు. మైకులు తగిలించే పెట్టెకే గిటారు కూడా తగిలించేవాళ్ళము. ప్రసంగానికి పనికివచ్చే పెట్టె గిటారుకు అంతగా పనికిరాదు. మాట స్పష్టంగా వినిపించడానికి చేసిన యంత్రంలో తీగ శబ్దం రేకు మీద గీసినట్టు ఉండేది.

2013లో, అమెరికాలో ఉద్యోగం ముగించుకొని తిరిగివచ్చిన ఒక సహోదరుడు తన సామానుతోపాటు ఒక వాల్వు ఆంప్లిఫయర్ తెచ్చి సంఘమునకు ఇచ్చాడు. దాని పేరు ఫెండర్ హాట్ రాడ్ డీలక్స్. ఫెండర్ కంపెనీ 1996లో విడుదల చేసిన నమూనా ఇది. 40 వాట్ల శక్తి, 12 అంగుళాల స్పీకరు, లోపల 12ఏఎక్స్7 అనే చిన్న వాల్వులు మూడు, 6ఎల్6 అనే పెద్ద వాల్వులు రెండు. బరువు సుమారు 20 కిలోలు. మా వీధి ఎక్కేసరికి మోసినవారికి ఆ బరువు రెట్టింపు అనిపించింది.

అందరము ప్లగ్గు పెట్టాలని ఉబలాటపడుతుండగా "ఆగండ్రా నాయనా" అని ఒక కంఠం వినిపించింది. ఆయనను మేమంతా రేడియో తాతయ్య అంటాము. ఒకప్పుడు ఎర్రగడ్డలో చిన్న దుకాణం పెట్టుకొని వాల్వు రేడియోలు బాగుచేసిన పెద్దాయన. కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి, పెట్టె వెనుక ఉన్న అక్షరాలు చదివాడు. 120 వోల్టులు, 60 హెర్ట్జ్. మన గోడ ప్లగ్గులో వచ్చేది 230 వోల్టులు, 50 హెర్ట్జ్. "ఇది అమెరికా నీళ్ళు త్రాగిన గొడ్డు. మన కాలువలో తోలితే కొట్టుకుపోతుంది" అన్నాడు.

మరునాడు ఆయనే మమ్మల్ని కోఠీలోని గుజరాతీ గల్లీకి తీసుకుపోయాడు. 230ని 110 నుండి 120 వోల్టులకు దించే 500 వాట్ల స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కొనిపించాడు. ఆంప్లిఫయర్ ఎంత కరెంటు తీసుకుంటుందో అంతకు రెండింతలకు పైగా మోయగలది తీసుకోవాలి అన్నది ఆయన లెక్క. 60 హెర్ట్జ్‌కు చేసిన ట్రాన్స్‌ఫార్మర్ 50 మీద కాస్త ఎక్కువ వేడెక్కుతుంది గనుక పెట్టె వెనుక గాలి ఆడేలా జానెడు ఖాళీ ఉంచమన్నాడు.

అంతటితో ఆగలేదు. గిటారు తీగలు పట్టుకొని మైకు దగ్గర నోరు పెట్టి పాడేవారికి పెదవి మీద చురుక్కుమని షాకు తగలడం మన ప్రాంతపు గాయకులకు బాగా తెలిసిన అనుభవం. ఎర్తింగు సరిగా లేని చోట ఇలా జరుగుతుంది. ఒక్కొక్కసారి అది ప్రాణాంతకం కూడా. తాతయ్య పట్టుబట్టి ఎలక్ట్రీషియనును పిలిపించి, మందిరం ప్రక్కన గుంట తవ్వించి, ఉప్పు, బొగ్గు వేయించి కొత్త ఎర్తింగు పెట్టించాడు. మైకు పెట్టె, గిటారు పెట్టె ఒకే ఎర్తింగు మీదికి వచ్చిన తరువాతనే స్విచ్చి వేయనిచ్చాడు.

వాల్వు అంటే ఏమిటి?

నేటి పిల్లలు వాల్వును చూసి ఉండరు. అమ్మమ్మల ఇళ్ళలో స్విచ్చి వేసిన వెంటనే పలకకుండా, కాసేపు వేడెక్కి, పచ్చని కన్ను వెలిగించి అప్పుడు వార్తలు చెప్పిన పాత రేడియో పెద్దలకు జ్ఞాపకం ఉంటుంది. దాని లోపల ఉన్నవి ఈ గాజు బుడ్లే. అమెరికాలో ట్యూబు అంటారు, మనము వాల్వు అంటాము. వాల్వు అన్న పేరే దాని పనిని చెబుతుంది. అది ఒక కుళాయి వంటిది. గాలి తీసేసిన గాజు బుడ్డిలో ఒక లోహపు గొట్టం ఎర్రగా కాగి ఎలక్ట్రానులను విడుస్తుంది. అవి ఎదుట ఉన్న రేకు వైపు పరుగెడతాయి. నడుమ ఉన్న సన్నని తీగ జాలి వాటిని ఆపనూ గలదు, వదలనూ గలదు. గిటారు నుండి వచ్చే అతి చిన్న కరెంటు ఆ జాలిని కదిలిస్తుంది. చిన్న చేయి పెద్ద కుళాయిని తిప్పినట్టు, చిన్న కదలిక పెద్ద ప్రవాహాన్ని నడుపుతుంది.

ఈ పనిని ట్రాన్సిస్టరు కూడా చేస్తుంది. 1947లో బెల్ ప్రయోగశాలలో అది పుట్టాక రేడియోలు జేబులోకి వచ్చాయి, వాల్వులు అటకెక్కాయి. మరి గిటారువాళ్ళు ఇంకా వాల్వును ఎందుకు పట్టుకు వ్రేలాడుతున్నారు? దాని బలహీనతే దాని అందం అయ్యింది గనుక. మోయలేనంత బరువు పెట్టినప్పుడు సాధారణ ట్రాన్సిస్టరు సర్క్యూటు శబ్దపు తలను కత్తితో కోసినట్టు ఒక్కసారి కోసేస్తుంది. వాల్వు అలా కాదు, మెల్లగా వంగుతుంది. ఆ వంగడంలో కొత్త స్వరాంశాలు కలిసి శబ్దం గరుకుగా, వెచ్చగా, మనిషి గొంతు బొంగురుపోయినట్టు వస్తుంది. మెల్లగా మీటితే శుభ్రంగా, గట్టిగా మీటితే గరుకుగా పలుకుతుంది.

ఇక్కడ ఒక సంగతి తాతయ్యను చాలా సంతోషపెట్టింది. ఈ పెట్టెల మూలపురుషులలో ఒకడైన లియో ఫెండర్ 1938లో కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో రేడియోలు బాగుచేసే దుకాణం పెట్టుకున్నవాడు. ఆయనకు గిటారు వాయించడం రాదు. గిటారు వాయించేవారు దుకాణానికి వచ్చి చెప్పిన ఇబ్బందులు విని, దిద్ది, మళ్ళీ వారికే ఇచ్చి వాయించమని, ఆ విధంగా తన ఆంప్లిఫయర్లను తీర్చుకున్నాడు. లండన్‌లో డ్రమ్ములు నేర్పుతూ వాద్యాల దుకాణం నడిపిన జిమ్ మార్షల్ 1960ల ఆరంభంలో తన వారితో కలిసి తయారుచేసిన మొదటి ఆంప్లిఫయర్ కూడా ఫెండర్ వారి బాస్‌మన్ అనే నమూనాను చూచి చేసినదే. ఈ కథ చెప్పినప్పుడు తాతయ్య "అయితే ఆ దొర కూడా మా పనోడేనన్నమాట" అని గట్టిగా నవ్వాడు.

నలుగురికీ నాలుగు విధాలు

ఒకే పెట్టె నలుగురికి ఎలా సరిపోయింది? ఈ ఆంప్లిఫయర్‌లో ఒకటి శుభ్రమైన దారి, ఒకటి గరుకు దారి, మరొకటి ఇంకా గరుకైన దారి ఉన్నాయి. కాలితో నొక్కే స్విచ్చితో పాట మధ్యలో మార్చుకోవచ్చు. స్ప్రింగుల గుండా శబ్దాన్ని పంపి పెద్ద మందిరంలో మ్రోగినట్టు చేసే రివర్బు అనే ఏర్పాటు కూడా ఉంది.

అన్న శుభ్రమైన దారి దాటలేదు. ట్రెబుల్ తగ్గించి, రివర్బు చిటికెడు కలిపి, కీర్తనల వెనుక హార్మోనియం గాలిని కప్పకుండా తీగలను నిలబెట్టాడు. "ఉప్పు వేసినట్టు తెలియకూడదు, వేయకపోతే తెలియాలి" అన్నది ఆయన మాట.

రెండవ సహోదరునికి గరుకు దారే ప్రాణం. డ్రైవ్ అనే నాబు వాల్వు మీద ఎంత ఒత్తిడి పెట్టాలో చెబుతుంది. మాస్టర్ అనే నాబు చివరకు ఎంత గట్టిగా వినిపించాలో చెబుతుంది. ఈ రెంటినీ విడదీసి తిప్పుకోవడం నేర్చుకోవడానికి ఆయనకు నెల పట్టింది.

మూడవవాడు పెట్టెను ఒక చివరి మెట్టుగా వాడాడు. తన దగ్గర ఉన్న చిన్న పెడళ్ళను ముందు కలిపి, ఆంప్లిఫయర్‌ను శుభ్రంగా ఉంచి, కావలసిన రంగులన్నీ పెడళ్ళతో వేసుకున్నాడు.

మా అందరికీ పాఠం నేర్పింది మాత్రం చెల్లి. ఆంప్లిఫయర్‌ను కొంచెం గరుకుగా పెట్టి, తన గిటారు మీద ఉన్న వాల్యూము నాబును సగానికి తగ్గించింది. శబ్దం శుభ్రమైపోయింది. చరణం చివరలో చిటికెనవ్రేలితో ఆ నాబు పెంచింది. శబ్దం కండ పట్టింది. కాలి స్విచ్చి ముట్టుకోనేలేదు. "అన్నీ చేతిలోనే ఉన్నాయి అన్నా, పెట్టె దగ్గరకు పరుగెత్తడమెందుకు?" అంది. వాల్వు ఆంప్లిఫయర్ చేతి బరువును యథాతథంగా చూపిస్తుంది. తొట్రుపడిన వ్రేలును కూడా దాచదు. అందుకే దాని ముందు కూర్చొని సాధన చేసిన ఆరు నెలల్లో మా నలుగురి చేతులూ మెరుగయ్యాయి.

గోడ అవతలి ఇల్లు

ఇక అసలు సంగతికి వస్తున్నాము. మందిరం వెనుక గోడకు ఆనుకొని ఒక చిన్న ఇల్లు ఉంది. ఆ ఇంటాయన ఐటీ కంపెనీల క్యాబు నడుపుతాడు. పెట్టె వచ్చిన నెలలోపే ఒక ఆదివారం ఆరాధన ముగిశాక ఆ ఇంటి ఇల్లాలు చెల్లి దగ్గరకు వచ్చింది.

"అక్కా, మీ పాట మంచిగనే ఉంటది. మాకేం బాధ లేదు. కాని మా ఆయన రాత్రంతా బండి నడిపి పొద్దుగాల ఆరింటికొచ్చి పండుకుంటడు. ఈ కొత్త డబ్బా వచ్చినకాడికెళ్ళి నిద్ర పడ్తలేదు. మల్ల రాత్రికి నలుగురు ఆడపిల్లలను ఎక్కించుకొని పోవాలె. నిద్ర లేని కండ్లతోని స్టీరింగు ఎట్ల పడ్తడు?"

ఆమె మాటలో కోపం లేదు, లెక్క ఉంది. ఆ లెక్కలో ఆయన ప్రాణం ఒక్కటే కాదు, వెనుక సీట్లలో కూర్చునే ఎవరి బిడ్డలో ఉన్నారు. మా మూడవవాడు అటువంటి క్యాబులోనే రాత్రులు ఇంటికి వచ్చేవాడు గనుక అతనికి ఆ మాట ముల్లులా తగిలింది.

కాని రెండవ సహోదరుని వాదన కూడా తీసివేయదగినది కాదు. "వాల్వు కొంచెం గట్టిగా పలికితేనే దాని రుచి. బాగా తగ్గించేస్తే చింతపండు లేని పులిహోర. అప్పుడు పాత పెట్టే చాలు గదా" అన్నాడు. ఇది చాలామంది గిటారిస్టుల అనుభవమే. 40 వాట్ల వాల్వు ఆంప్లిఫయర్ పెద్ద సభలో డ్రమ్ముల ప్రక్కన నిలబడడానికి చేసినది, నూటయాభై మంది పట్టే మందిరానికి కాదు. ఇంకొక చిక్కు ఉంది. వాట్లు సగం చేసినంత మాత్రాన శబ్దం సగం కాదు. 40 వాట్లు 20 అయితే తగ్గేది 3 డెసిబెల్లు మాత్రమే, చెవికి కొద్ది తేడా. చెవికి సగంగా తోచాలంటే శక్తిని సుమారు పదోవంతుకు దించాలి.

వాదన తెగకపోతే తాతయ్య ఒక ఉపాయం చెప్పాడు. "మీలో ఒకడు పోయి ఆ ఇంట్లో కూర్చోండి." ఒక శనివారం సాయంత్రం ఆ ఇంటాయన బయలుదేరిన తరువాత, ఆ అమ్మ అనుమతితో, రెండవ సహోదరుడే వెళ్ళి ఆయన పడుకొనే మంచం మీద కూర్చున్నాడు. మేము ముగ్గురము ఇవతల వాయించాము. పది నిమిషాల తరువాత తిరిగివచ్చి ఇలా అన్నాడు: "పాట ఇవతలే ఆగిపోతున్నది. దెబ్బ మాత్రం అవతలికి వస్తున్నది."

అది శబ్దశాస్త్రం ఒప్పుకొనే మాట. సన్నని స్వరాలను గోడ చాలావరకు ఆపుతుంది, మందమైన స్వరాలు గోడనూ నేలనూ పట్టుకొని ప్రయాణం చేస్తాయి. ఆ ఇంటాయనకు మా సంగీతం అందడం లేదు, దాని గుద్దులు మాత్రమే అందుతున్నాయి.

ఆ తరువాత పని సులువయ్యింది. పెట్టెను ఉమ్మడి గోడ దగ్గర నుండి తీసి ఎదుటి మూలకు మార్చాము. నేల మీద కాక చెక్క బల్ల మీద, క్రింద రబ్బరు చాప పరిచి పెట్టాము. గిటారు స్పీకరు సన్నని స్వరాలను టార్చిలైటులా ముందుకు ఒక గీతగా విసురుతుంది. కాళ్ళ దగ్గర ఉంటే వాయించేవానికి వినబడదు, వాడు పెంచుతూ పోతాడు, ముందు వరుసలోని అవ్వల చెవులు చిల్లులు పడతాయి. గనుక పెట్టెను వెనక్కు వంచి మా చెవుల వైపు చూసేలా పెట్టాము. బాస్ నాబు బాగా తగ్గించాము. డ్రైవ్ ఉంచి మాస్టర్ దించాము. ఉదయం 7 గంటల ఆరాధనకు కరెంటు లేని మామూలు గిటారు, 10.30 ఆరాధనకు మాత్రమే ఆంప్లిఫయర్ అని నిర్ణయించుకున్నాము. సాధనను శనివారం సాయంత్రం ఆయన డ్యూటీకి వెళ్ళాక పెట్టుకున్నాము.

రెండవ సహోదరుడు మొదటి రెండు వారాలు ముఖం ముడుచుకున్నాడు. మూడవ వారం పెద్దలలో ఒకరు వచ్చి "బాబూ, ఇవాళ గిటారులో రాగం వినబడింది" అన్నారు. అంతకుముందు ఆయనకు వినబడింది శబ్దమేనట.

ఈ సందర్భంగా రెండు సంగతులు గుర్తుంచుకొనదగినవి. మన దేశంలో 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్లు పరిమితి. రాత్రి 10 నుండి ఉదయం 6 వరకు బహిరంగంగా లౌడు స్పీకర్లు పనికిరావు. రెండవది వాయించేవారి చెవులు. 85 డెసిబెల్ల శబ్దంలో రోజుకు ఎనిమిది గంటలకు మించి ఉండరాదని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ సిఫారసు. ప్రతి 3 డెసిబెల్లకూ ఆ సమయం సగమవుతుంది. అంటే 94 డెసిబెల్లకు ఒక్క గంటే. పోయిన వినికిడి మందుతో తిరిగిరాదు. సాధనలో చెవిబిరడాలు పెట్టుకోవడం సిగ్గుపడవలసిన పని కాదు.

పెన్సిలు పరీక్ష

వాల్వులు దీపపు వత్తుల వంటివి. వాడినకొద్దీ అరుగుతాయి. ఇది ఏ కంపెనీ పెట్టెకైనా తప్పదు. 2016లో ఒకనాడు ఒక్కొక్క స్వరం వెనుక గంట మ్రోగినట్టు సన్నని కూత మొదలయ్యింది. తాతయ్య పెట్టె నడుస్తుండగానే ఒక చెక్క పెన్సిలు తీసి, వెనుక నుండి ఒక్కొక్క చిన్న వాల్వును మెల్లగా తట్టాడు. మొదటిది తట్టగానే స్పీకరులో ఠంగుమంది. "వీడే దొంగ" అన్నాడు. లోపలి భాగాలు వదులైన వాల్వు మైకులా మారి, తన చుట్టూ ఉన్న అదురును కూడా పాటలో కలిపేస్తుంది.

ఆయన ఇంటి నుండి ఒక బిస్కట్ల డబ్బా తెచ్చాడు. పాత గుడ్డల మధ్య వాల్వులు. అందులో ఒకదాని మీద బి.ఇ.ఎల్. అని, ఇసిసి83 అని ఉంది. 12ఏఎక్స్7కు ఐరోపాలో పెట్టిన పేరే ఇసిసి83. 1954లో బెంగుళూరులో స్థాపించిన భారత్ ఎలక్ట్రానిక్స్ వారు 1960లలో రేడియో వాల్వులు తయారుచేసేవారు. ఎప్పుడో ఏ రేడియో కోసమో దాచిన ఆ మన దేశపు వాల్వు ఆ అమెరికా పెట్టెలో కూర్చొని పలికింది.

ఆ సాయంత్రం వెనుక ఇంటి పెద్దబ్బాయి కిటికీలో నుండి ఇదంతా చూస్తూ ఉన్నాడు. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చదువుతున్నాడు. పుస్తకంలో రెండు పేజీలలో దాటివేసిన వస్తువు కళ్ళ ముందు వెలుగుతుంటే లోపలికి వచ్చి నిలబడ్డాడు. తాతయ్య ఏమీ అడగలేదు. టార్చిలైటు చేతికిచ్చి "ఇటు పట్టు" అన్నాడు. ఆ తరువాత ప్రతి శనివారం ఆ పిల్లవాడు వచ్చేవాడు. తాతయ్య చేతులు వణకడం మొదలయ్యాయి గనుక సోల్డరింగు ఆ పిల్లవాడి చేత్తో జరిగేది. తాతయ్య మొదట నేర్పింది మాత్రం భయం. ప్లగ్గు తీసిన తరువాత కూడా లోపలి కెపాసిటర్లలో 400 వోల్టుల వరకు నిలిచి ఉండవచ్చునని, పద్ధతి తెలియనివారు మూత విప్పరాదని, మీటరుతో కొలిచి చూడకుండా వ్రేలు పెట్టరాదని.

అమ్మివేద్దామా?

2018లో సంఘ పెద్దలు ఒక ప్రతిపాదన తెచ్చారు. ఈ 20 కిలోల పెట్టెను అమ్మి, అరచేతిలో పట్టే డిజిటల్ ప్రాసెసరు కొందామని. అది అనేక వాల్వు ఆంప్లిఫయర్ల శబ్దాలను అనుకరిస్తుంది, తిన్నగా మైకుల మిక్సరుకు తగిలించవచ్చు, వాల్వుల ఖర్చు లేదు, ఇయర్‌ఫోనుతో వాయిస్తే గోడ అవతలికి చీమ చిటుక్కుమన్నంత శబ్దం కూడా పోదు. వాదన బలమైనదే.

మూడవవాడు అటువంటిదే ఒకటి తెచ్చాడు. తెర వెనుక కూర్చొని ఒకే కీర్తనను రెంటితో వాయించాము. వెనుక వరుసలో కూర్చున్న పెద్దలకు తేడా తెలియలేదు. ఈ సంగతి మేము దాచడం లేదు. తేడా తెలిసింది వాయించినవారికి. వ్రేలి క్రింద తీగ ఎంత నొక్కితే అంత బదులు పలకడం, వెనుక నుండి గాలి వీపుకు తగలడం, అవి వాయించేవాని చేతిని మారుస్తాయి.

వినేవారికి తెలియని తేడా కోసం సంఘపు డబ్బు ఖర్చు పెట్టవచ్చునా? ఇది న్యాయమైన ప్రశ్న. పెద్దల ముందు చెల్లి చెప్పిన మాట ఇది: "పెట్టె మా నలుగురికోసమే అయితే అమ్మేయండి. కాని శనివారం సాయంత్రాలు తాతయ్య దగ్గర ఒక పిల్లవాడు పని నేర్చుకుంటున్నాడు. ఆ ప్రాసెసరు మూత విప్పి ఆయన ఏమి నేర్పగలడు?" పెద్దలు ఆలోచించి పెట్టెను ఉంచారు. ప్రాసెసరును మా నలుగురము చందా వేసుకొని విడిగా కొన్నాము. డిసెంబరులో ఇంటింటికి తిరిగే కేరల్సుకు, రాత్రి సాధనకు అది ఎంతో ఉపకరిస్తున్నది. దేని చోటు దానిది.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. మందిరం మూతపడింది. ఐటీ కంపెనీలు ఇళ్ళ నుండి పని చేయించాయి గనుక క్యాబులు ఆగిపోయాయి. గోడకు ఇటు పాట లేదు, అటు పగటి నిద్ర లేదు. "ఇప్పుడు రాత్రిళ్ళు మంచిగ పండుకుంటుండు, కాని తిండెట్ల?" అని ఆ ఇల్లాలు ఫోనులో చెల్లితో అన్నది. సంఘము ఇతర కుటుంబాలకు ఇచ్చినట్టే ఆ ఇంటికీ బియ్యం, పప్పు, నూనె ఇచ్చింది. ఆ నెలల్లో డిప్లొమా ముగించిన ఆ అబ్బాయి వీధిలోవారి మిక్సీలు, ఫ్యాన్లు, టీవీలు బాగుచేసి ఇంటికి నాలుగు రూపాయలు తెచ్చాడు. పరీక్షించి చూడడం, తొందరపడకపోవడం తాతయ్య దగ్గర నేర్చినవే.

2022లో పెద్ద వాల్వులు రెండూ అరిగాయి. సరిగ్గా ఆ సమయంలోనే రష్యా నుండి వాల్వుల ఎగుమతి కొంతకాలం చిక్కుల్లో పడి ధరలు పెరిగాయి. ఇప్పుడు ప్రపంచంలో ఈ వాల్వులు ప్రధానంగా రష్యా, స్లొవేకియా, చైనా దేశాలలోనే తయారవుతున్నాయి. స్లొవేకియావి జతగా తెప్పించి, ఆ అబ్బాయే మార్చి, బయాస్ కొలిచి సరిచేశాడు. తాతయ్య కుర్చీలో కూర్చొని ఒక్క మాటా అడ్డు చెప్పలేదు. ఇప్పుడు ఆయనకు వినికిడి బాగా తగ్గింది. అయినా పెట్టె మీద అరచేయి ఆనించి "వీడు బాగానే ఉన్నాడు" అంటాడు.

యౌవనస్థులకు, పెద్దలకు

గిటారు నేర్చుకుంటున్న ప్రియ తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు మా అనుభవంలో తేలిన సంగతులు కొన్ని. విదేశాల నుండి వచ్చిన ఏ పెట్టెనైనా వెనుక అక్షరాలు చదవకుండా ప్లగ్గు పెట్టకండి. ఎర్తింగు లేని చోట గిటారు, మైకు కలిపి ముట్టుకోకండి. స్పీకరు తీగ ఊడదీసి వాల్వు ఆంప్లిఫయర్‌ను నడపకండి, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవచ్చును. ఆపిన వెంటనే వేడి వాల్వులతో పెట్టెను కుదుపుతూ మోయకండి. కొత్త పెట్టె కొనే ముందు ఎంత పెద్దది అని కాక, మీరు వాయించే గది ఎంత, గోడ అవతల ఎవరు ఉన్నారు అని అడగండి. చిన్న గదులకు 5 వాట్లు, 15 వాట్ల వాల్వు పెట్టెలు కూడా దొరుకుతాయి.

సంఘ పెద్దలకు ఒక మనవి. శబ్దం ఎక్కువయ్యిందని పిల్లల మీద కేకలు వేసే ముందు ఒకసారి వారితో కూర్చొని వినండి. చాలాసార్లు కావలసింది తగ్గించడం కాదు, పెట్టెను కాస్త ప్రక్కకు తిప్పడం. అలాగే మీ సంఘములో ఏ పని చేతిలో పెట్టుకొని ఏ తాతయ్య ఊరకే కూర్చున్నాడో విచారించండి. ఆయన పని పాతది కావచ్చును, దానిని నేర్పే ఓర్పు మాత్రం పాతబడదు.

వాల్వు ఆంప్లిఫయర్‌కు స్విచ్చి వేశాక వాల్వులు వేడెక్కడానికి ఒక నిమిషం ఆగాలి. మొదట్లో ఆ నిమిషం మాకు విసుగ్గా ఉండేది. ఇప్పుడు ఆ నిమిషంలో తీగలు శ్రుతి చేసుకుంటాము, చెల్లి వెళ్ళి వెనుక కిటికీ మూసివస్తుంది, రెండవ సహోదరుడు బాస్ నాబు ఎక్కడుందో చూసుకుంటాడు. ఇన్ని సంవత్సరాలలో మా వాయింపులో వచ్చిన మెరుగు చాలావరకు ఆ ఒక్క నిమిషంలో చేసే పనుల నుండి వచ్చిందే.